ఫ్యానుకి తగిలిన దిష్టి

వోలోస్ ఊళ్ళో, నెయా ఇయోనియా పేటలో ఎవరికైనా తల పగిలిపోతుంటే ముందు అసిమీనాకి ఫోను చేస్తారు. మాత్ర సంగతి ఆ తర్వాత. ఇది మంచి అలవాటా చెడ్డ అలవాటా అని నన్నడక్కండి. పేట పుట్టినప్పటినుంచీ ఉంది. నరదృష్టికి నల్లరాళ్ళే పగులుతాయంటారు, ఇక మనిషి నుదురెంత?

అసిమీనా దిష్టి తీస్తుంది. అందులో చేతికి పెద్ద పని లేదు, పనంతా కళ్ళది. మనిషి పేరు తలుచుకుని లోలోపల దిష్టి మంత్రం మాటలు చదువుతుంది. ఆ మనిషికి నిజంగా దిష్టి తగిలి ఉంటే ఆవిడకి ఆవలింతలు వస్తాయి, కళ్ళవెంట నీళ్ళు కారతాయి. ఎంత దిష్టికి అన్ని నీళ్ళు. కళ్ళు పొడిగా ఉన్నాయంటే దిష్టి లేదన్నమాటే, అందులో మొహమాటం లేదు. "నీకు దిష్టీ లేదు గిష్టీ లేదు. నిన్న మోతాదు మించి తాగావు, పోయి పడుకో" అని మొహం మీదే చెప్పి పంపేస్తుంది. ముగ్గురొస్తే ఇద్దర్ని అలాగే పంపేది. అందుకే మూడోవాడు నమ్మేవాడు. పక్క పేటలో ఇంకొకావిడ ఉంది. పళ్ళెంలో నీళ్ళు పోసి నూనె చుక్కలు వేసి చూస్తుంది, వచ్చినవాళ్ళందరికీ ఉందనే అంటుంది. ఎవరి మనసూ నొప్పించని ఇల్లాలు. ఆవిడ దగ్గరికి రెండోసారి వెళ్ళినవాణ్ణి నేను చూడలేదు.

ఆ మాటలు అసిమీనాకి వాళ్ళ మామగారు పరస్కెవాస్ ఇచ్చాడు. దానికో పద్ధతుంది. ఆడది మగాడికి చెప్పాలి, మగాడు ఆడదానికి చెప్పాలి. ఆడది ఆడదానికి చెబితే అవి ఉత్త మాటలే. చెప్పిన క్షణంనుంచి చెప్పినవాళ్ళ దగ్గర ఆ శక్తి ఉండదు. ఇవ్వడమంటే నిజంగా ఇచ్చెయ్యడమే. ఇంకో సంగతి, బతికున్న శక్తినే ఇవ్వగలం. ఒకసారి ఎండిపోయిందా, ఎవరి చెవిలో ఎంత ఊదినా లాభం లేదు.

అసిమీనాకి అదంటే ప్రాణం. దాచుకోవడమెందుకు, అలాగే చెబుతాను. ముప్ఫయ్యేళ్ళు నూలు మిల్లులో పనిచేసింది. అక్కడ ఆవిడ మూడువందలమందిలో ఒకతె, సూపర్‌వైజరుకి ఆవిడ పేరు కూడా సరిగ్గా పలకడం రాదు. పేటలో మాత్రం ఆవిడ ఒక్కతే. ఎవరి పెళ్ళైనా, ఎవరికి పిల్లాడు పుట్టినా, ఎవరు కొత్త దుకాణం తెరిచినా ముందు ఆవిడ కళ్ళవైపు చూసేవాళ్ళు.

మొగుడు జిసిస్ మాత్రం చూసేవాడు కాదు. సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి, కనిపించనిదేదీ నమ్మడు. పెళ్ళైన నలభయ్యేళ్ళలో ఒక్కనాడు కూడా తలనొప్పిగా ఉంది చూడవే అని అడగలేదు. తలనొప్పి వస్తే తలకి తువ్వాలు బిగించి కట్టుకుని పెరట్లో తిరిగేవాడు.

జబ్బు భయంతో జనం గడప దాటని ఆ ఏడాది అసిమీనా చేతికి ట్యాబు వచ్చింది. అంతకుముందు ఫోనులో చేసినా గోడవంక చూస్తూ చేసేది, చూపుకి అలసట ఉండేది కాదు. ట్యాబులో మొహాలు కనిపిస్తాయి. మొహం కనిపిస్తుంటే చూడకుండా ఎవరుంటారు? వీధిలో వాళ్ళతో మొదలైంది, తర్వాత లారిస్సా నుంచి, స్టుట్‌గార్ట్ నుంచి, మెల్‌బోర్న్ నుంచి కూడా ఫోన్లు రావడం మొదలైంది. జబ్బు పోయింది గానీ ఫోన్లు పోలేదు. ఫోనుకీ ఫోనుకీ మధ్య ఖాళీ దొరికితే అందులోనే పళ్ళ బొమ్మలు జతచేసే ఆట ఆడేది. పొద్దున్న కాఫీ గ్లాసు దగ్గర మొదలుపెట్టి సాయంత్రం కాఫీ కొట్టునుంచి తిరిగొచ్చే జిసిస్ తాళాల చప్పుడు వినిపించేదాకా రెప్ప వాల్చకుండా చూస్తూనే ఉండేది.

కళ్ళలో ఇసక పోసినట్టు మొదలైంది. మంట, దురద, ఎరుపు. అవన్నీ ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది ఒక్కటే. నీళ్ళు రావడం ఆగిపోయింది.

ముందు అంతా మంచికే అనుకుంది, పేటలో దిష్టి తగ్గిందేమో అనుకుంది. కసాయి కొట్టు వాసిలిస్ ఎర్రటి కొత్త కారు కొని చర్చి ముందు నిలబెట్టినప్పుడు కూడా కళ్ళు తడవలేదు. నీకేం లేదు పొమ్మంది. వాసిలిస్ మొహం మాడ్చుకున్నాడు. అలాంటి కారు కొన్నవాడికి దిష్టి తగలలేదంటే పేటలో ఎవరూ దాన్ని చూడనేలేదని కదా అర్థం. పెళ్ళికూతురికి లేదంది, కవల పిల్లలకి లేదంది, లాటరీ తగిలిన మంగలికి లేదంది. జనం గుసగుసలు మొదలుపెట్టారు. అసిమీనా చెవికి అవి చేరకముందే ఆవిడకి గుండెలో రాయి పడింది. తనకిచ్చినది పోయిందా? ఎవరికీ ఇవ్వకుండానే తన దగ్గరే ఎండిపోయిందా? మామగారికి పైలోకంలో ఏం జవాబు చెప్పాలి?

కళ్ళజోడు మార్చాలని మొగుడికి చెప్పి కంటి డాక్టరు దగ్గరికి బయల్దేరింది.

డాక్టరు ఇయోర్దానిస్ పరాయివాడు కాదు. మిల్లులో అసిమీనా పక్క మగ్గం మీద పనిచేసిన సుల్తానా కొడుకు. చెడ్డీలేసుకున్నప్పటినుంచీ ఆవిడకి తెలుసు. పెద్ద వీధిలో కొత్తగా క్లినిక్కు పెట్టాడు, ముందువైపంతా అద్దమే, లోపల ఎవరు కూర్చున్నా ఊరంతటికీ కనిపిస్తారు. మనిషి బుద్ధిమంతుడే గానీ పేషెంట్ల జేబుల్లో సిగరెట్లు కనిపిస్తే లాక్కుని డ్రాయరులో పడేసి తాళం వేస్తాడు. అడిగితే నా దగ్గరుంటే మీకు క్షేమం అంటాడు. సగం పేట సిగరెట్లు ఆ డ్రాయరులోనే ఉన్నాయి.

ఆయన అసిమీనా కింది రెప్పలు కాస్త లాగి, రెండు కాగితం ముక్కలు తగిలించాడు, కంటికొకటి చొప్పున. కాసేపు అలాగే కూర్చోమన్నాడు. కన్నీళ్ళు ఎంత ఊరుతున్నాయో కాగితం ఎంత తడిసిందో చూస్తే తెలుస్తుందట. అసిమీనా రెండు కాగితాలు వేలాడేసుకుని అద్దంలోంచి తను వీధినీ, వీధిలోవాళ్ళు తననీ చూస్తుండగా కూర్చుంది. కన్నీళ్ళని కొలిచే మనిషి ఈ ఊళ్ళో తను కాక ఇంకొకడున్నాడని ఆవిడకి అప్పుడే తెలిసింది. కాగితాలు పెట్టినప్పుడెలా ఉన్నాయో తీసినప్పుడూ అలాగే ఉన్నాయి.

డాక్టరు విషయం నాన్చలేదు. తెర చూస్తున్నప్పుడు మనిషి రెప్ప కొట్టడం మరిచిపోతాడు, రెప్ప కొట్టకపోతే కంటి మీద తడి ఆరిపోతుంది, ఇది ముసలితనమూ కాదు శాపమూ కాదు, ట్యాబు అన్నాడు. గుడ్డితనం రాదు గానీ మంట ఊరుకోదన్నాడు. మధ్యమధ్యలో తలెత్తి దూరంగా పెలియో కొండవైపు చూడమన్నాడు. ఒక చిన్న సీసా రాసిచ్చాడు, దాన్ని కృత్రిమ కన్నీళ్ళంటారని చెప్పాడు, పూటపూటా వేసుకోమన్నాడు. అసిమీనా ఒక్కటే అడిగింది, నా సొంత నీళ్ళు మళ్ళీ వస్తాయా అని. ట్యాబు మానితే వస్తాయి, మానకపోతే ఈ సీసాతోనే సరిపెట్టుకోవాలి అన్నాడాయన.

మానలేదు. ఎలా మానుతుంది? ఇంటికొచ్చేసరికే ఆరు ఫోన్లు.

చుక్కలు మాత్రం శ్రద్ధగా వేసుకుంది. మొదటి చుక్క పడగానే ప్రాణం లేచొచ్చింది. ఇంత సుఖం వేలెడంత లేని సీసాలో ఉందని తెలీక ఇన్నాళ్ళు బాధపడ్డాను కదా అనుకుంది. అప్పటినుంచి ఫోను మోగగానే ముందు చుక్కలు, తర్వాత మాటలు. ఒక చుక్క చాలన్న చోట మూడు వేసేది, మందు ఎక్కువైతే గుణం ఎక్కువని మన నమ్మకం కదా. ఎక్కువైంది కన్ను ఉంచుకోదు, చెంపల మీదికి పంపేస్తుంది. అవతలివాళ్ళు తెరలో చూస్తున్నారు. అసిమీనమ్మ కళ్ళు ధారలు కడుతున్నాయి. నీళ్ళు కారితే ఆవిడకి ఆవలింత దానంతటదే వచ్చేది, నలభయ్యేళ్ళ అలవాటు మరి.

ఆవిడ ఎంత సంతోషించిందో చెప్పలేను. పోయిందనుకున్నది తిరిగొచ్చింది. పెళ్ళికూతురికి ఉందంది. కవలలిద్దరికీ ఉందంది. మంగలికి ఉందంది. వాసిలిస్ కారుకి ఎంత దిష్టి తగిలిందంటే ఆవిడ తడిసిన చొక్కా మార్చుకోవాల్సొచ్చింది. వాసిలిస్ ఆనందం పట్టలేక రెండు కిలోల గొర్రె మాంసం పంపాడు. దిష్టి తీసినందుకు ఏమీ పుచ్చుకోకూడదని ఆవిడ దాన్ని వెనక్కి పంపింది. దానికి జిసిస్ రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు మాట్లాడి, "ఈ వారం పేటలో ఒక్కడికీ మంచి కళ్ళు లేవన్నమాట" అన్నాడు.

అప్పుడొచ్చింది ఫ్యాను.

మధ్యాహ్నం రొట్టెల కొట్టు ఫెవ్రోనియా నంబరునుంచి ఫోను. ట్యాబులో మొహం లేదు, ఇంటి కప్పూ, తిరుగుతున్న ఫ్యానూ ఉన్నాయి. పాపం తల ఎత్తలేక పడుకుని ఉంటుంది, మాట్లాడే ఓపిక కూడా లేదు కాబోలు అనుకుంది అసిమీనా. చుక్కలేసుకుని మాటలు మొదలుపెట్టింది. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. కళ్ళు వరదలు, దవడ నొప్పెట్టేలా ఆవలింతలు. ఇంత దిష్టి తను ఈమధ్య చూడలేదు. తూ తూ తూ అని మూడుసార్లు ఉమ్మి, ఇక లే తల్లీ తగ్గిపోతుంది అని గట్టిగా చెప్పింది. కాసేపటికి తెరలో పిండి చేతులతో ఫెవ్రోనియా మొహం కనిపించింది. "ఏంటి పిన్నీ, నువ్వు చేశావా? నేను చెయ్యలేదే. ఫోను బల్లమీద పడేసి పిండి కలుపుకుంటున్నా, చెయ్యి తగిలి అదే మోగినట్టుంది. నాకా? రాయిలా ఉన్నాను."

జిసిస్ అక్కడే కూర్చుని బీన్సు తుంచుతున్నాడు. "అయితే దిష్టి ఫ్యానుకన్నమాట" అన్నాడు.

అసిమీనాకి ఒళ్ళంతా చెమటలు పట్టాయి. చేతిలో సీసా చూసింది, చెంపలు తుడుచుకుంది, మళ్ళీ సీసా చూసింది. ఆ నీళ్ళు తనవా మందుల షాపువా? ఫెవ్రోనియాకి దిష్టి ఉందా అంటే లేదు. ఫ్యానుకి వచ్చాయంటే అందరికీ వచ్చినట్టే. అందరికీ వచ్చినవి ఎవరికీ రానట్టే. పెళ్ళికూతురూ, కవలలూ, మంగలీ, అందరికీ తను వారం పొడుగునా అబద్ధం చెప్పింది. పళ్ళెంలో నూనె పోసే ఆవిడకీ తనకీ ఇక తేడా ఏముంది? సిగ్గుతో ఆవిడకి ఆ పూట అన్నం దిగలేదు. ఆవిడ వాటా బీన్సు కూడా జిసిసే తిన్నాడు.

గోరుచుట్టు మీద రోకటిపోటులా మర్నాడే సుల్తానా వచ్చింది. చేతిలో పళ్ళెం, పళ్ళెంలో సీమదానిమ్మ మురబ్బా, తను చేసింది. కూర్చుంటూనే మొదలుపెట్టింది. కొడుకు క్లినిక్కు తెరిచినప్పటినుంచీ తలనొప్పితో చస్తున్నాడట. కళ్ళు చింతనిప్పులట. అద్దాల గది కట్టొద్దురా, ఊరి కళ్ళన్నీ నీ మీదే పడతాయిరా అని మొత్తుకున్నా వినలేదట. నువ్వు చూడు, వాడికి తెలియనివ్వకు, తెలిస్తే నన్ను ఇంట్లోకి రానివ్వడు అంది.

అసిమీనా అప్పుడే చుక్కలేసుకుని ఉంది. మాటల్లోనే కళ్ళు ధారకట్టాయి. సుల్తానా మూడుసార్లు సిలువ గీసుకుంది.

"చూశావా, పేరు ఎత్తగానే."

"ఇది దిష్టి కాదే. మందు."

"ఎవరి మందు?"

"నీ కొడుకు మందే."

సుల్తానాకి ఇది ఎక్కలేదు. ఎక్కించాలని అసిమీనా ప్రయత్నించలేదు. "మందు సంగతి నాకెందుకే, నా కొడుక్కి ఉందా లేదా?" అని సుల్తానా నిలదీసింది.

నలభయ్యేళ్ళలో ఎన్నడూ అనని మాట అసిమీనా అప్పుడంది. "తెలీదు."

"కసాయివాడి కారుకి తెలిసింది. నా కడుపున పుట్టినవాడికి తెలీదా?" అంది సుల్తానా. లేచి, మురబ్బా పళ్ళెం కూడా తీసుకుని వెళ్ళిపోయింది. ముప్ఫయ్యేళ్ళు ఒకే మగ్గాల వరసలో నిలబడి ఒకే రొట్టె సగం సగం తిన్న స్నేహం అది. తలుపు దగ్గర వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

ఇక అసిమీనా ఒక నిర్ణయానికొచ్చింది. ఉందో పోయిందో తేల్చుకోవాలి. తేలాలంటే కళ్ళలో తన నీళ్ళు తప్ప ఇంకొకరి నీళ్ళు ఉండకూడదు. సీసాని గిన్నెల బీరువాలో పైన పెట్టింది. ట్యాబు జిసిస్ చేతికిచ్చి, ఎవరు చేసినా నేను స్నానం చేస్తున్నానని చెప్పమంది. జిసిస్ కల్పనాశక్తి లేని మనిషి, ఏం చెప్పమంటే అదే చెబుతాడు. ఆ వారమంతా ఆవిడ స్నానం చేస్తూనే ఉంది. స్టుట్‌గార్ట్ నుంచి ఒకామె, అంత స్నానం చేస్తే చర్మం ఏమవుతుందని కంగారుపడిందట.

ఆవిడ మాత్రం వంటింటి కిటికీ దగ్గర కూర్చుని పెలియో కొండని చూసింది. కళ్ళు మండాయి. చూస్తూనే కూర్చుంది. కొండ ఎక్కడికీ పోలేదు.

మంట కాస్త సర్దుకున్నాక క్లినిక్కుకి వెళ్ళింది. నిజానికి ఇంట్లోనే సుల్తానా కొడుకు పేరు తలుచుకుని చూసుకోవచ్చు. కానీ తన కళ్ళ మీద తనకే నమ్మకం పోయింది, తడిసిందో లేదో ఇంకొకరు చెప్పాలి. ఆ కాగితానికి సుల్తానా ఎవరో కసాయి ఎవరో తెలీదు. ఇయోర్దానిస్ నిజంగానే బాగా లేడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, కణతలు నొక్కుకుంటున్నాడు, కంప్యూటరు తెరకి ముక్కు ఆనించి ఏదో కొడుతున్నాడు. మళ్ళీ ఆ కాగితాలు పెట్టి చూడు నాయనా అంది. చుక్కలు వేసుకోవడం లేదని చెబితే కాసేపు తిట్టాడు. తిట్టి పెట్టాడు.

మొదటిసారి ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీ మీద మాటలు చదివింది. ఫ్యాను నేర్పిన పాఠం అది. ఏమీ లేని చోట కళ్ళు ఏమంటాయో ముందు తెలియాలి. డాక్టరు కాగితాలు తీసి, కొసలు కాస్త తడిశాయి, మునుపటికంటే నయం, ట్యాబు మానినట్టున్నారే అని మెచ్చుకున్నాడు.

"ఇంకోసారి పెట్టు."

"ఇప్పుడే కదా పిన్నీ చూశాం."

"పెద్దదాన్ని. అడుగుతున్నాను."

రెండోసారి ఇయోర్దానిస్ వీపుని చూస్తూ చదివింది. ఆయన అటు తిరిగి కంప్యూటరులో రాసుకుంటున్నాడు. మొదటి మాట పూర్తికాకముందే దవడ దానంతటది తెరుచుకుంది. ఇలాంటి ఆవలింత వచ్చి ఎన్నాళ్ళైందో. పొట్టలోంచి, అరికాళ్ళలోంచి వచ్చింది. రెండోది, మూడోది. కళ్ళు నిండాయి, వెచ్చగా నిండాయి. సీసా నీళ్ళు చల్లగా ఉంటాయని, తనవి వెచ్చగా ఉంటాయని ఇన్నాళ్ళూ తనకి తట్టనందుకు తన్ను తాను తిట్టుకుంది. కాగితాలు నానిపోయాయి, నాని జారి ఒళ్ళో పడ్డాయి. పోలేదు. ఎక్కడికీ పోలేదు. ఆవిడకి అక్కడే మోకాళ్ళ మీద పడాలనిపించింది గానీ మోకాళ్ళు ఒప్పుకోలేదు.

డాక్టరు ఇటు తిరిగి ఆ కాగితాలు తీసి వెలుతురులో పట్టుకు చూశాడు. ఇంతలో ఇంత తేడా ఎలా వచ్చిందన్నాడు. తర్వాత తనే తేల్చేశాడు. "ఆవలించారు కదా. ఆవలిస్తే కళ్ళలో నీళ్ళొస్తాయి, ఎవరికైనా."

"మరి ఎందుకు ఆవలించాను?"

"నిద్ర చాలక."

"కుర్చీకి చేసినప్పుడు చాలిందా?"

"ఏ కుర్చీకి, ఏం చేశారు?"

అప్పుడు ఆవిడ మొత్తం చెప్పింది. మందుల షాపు నీళ్ళూ, కసాయి కారూ, ఫ్యానూ, వాళ్ళమ్మ మురబ్బా తిరిగి పట్టుకెళ్ళడమూ. నీకు దిష్టి తగిలింది నాయనా, గట్టిగా తగిలింది, ఇప్పుడే తీశాను అని కూడా చెప్పింది. ఇయోర్దానిస్ నవ్వలేదు. మనిషి మర్యాదస్తుడు, పైగా తల నొప్పిగా ఉంది. అయితే ఇక తేలిపోయింది కదా, ఈ ఫోన్లు మానేసి కళ్ళు చూసుకోండి అన్నాడు.

ఫోన్లొస్తాయిగా అంది ఆవిడ. తియ్యొద్దన్నాడు. తియ్యకపోతే అది నా దగ్గరుండి ఎందుకు అంది. అయితే ఇంకెవరికైనా ఇచ్చెయ్యండి అన్నాడు. మగాడికే ఇవ్వాలంది. జిసిస్ బాబాయి లేడా అన్నాడు. ఆయన కాఫీ కొట్లో చెప్పి నవ్విస్తాడు, నవ్వులపాలైతే ఆ శక్తి చస్తుంది అంది. డాక్టరుకి బయట ఇంకా నలుగురు కూర్చుని ఉన్నారు. అలవాటుగా చెయ్యి డ్రాయరు మీదికి పోయింది. "అయితే నాకిచ్చెయ్యండి. నా దగ్గరుంటే మీకు క్షేమం."

ఆయన ఆ మాట సిగరెట్లకి అన్నట్టే అన్నాడు. ఆవిడ అలా వినలేదు.

ఆలోచించింది. చుక్కలు వేసుకుంటే తన కళ్ళు అబద్ధం చెబుతాయి. వేసుకోకుండా ట్యాబు ముందు కూర్చుంటే ఎండిపోతాయి, ఎండితే ఇక ఎవరికీ ఇవ్వడానికి ఉండదు. ట్యాబు మూసేసి గుమ్మంలోకి వచ్చినవాళ్ళకే చూద్దామంటే, ఇవాళారేపు గుమ్మం తొక్కేదెవరు? ఇప్పుడు, ఈ గదిలో, అది బతికి ఉందని కాగితం సాక్ష్యం చెప్పింది. రేపు చెబుతుందో లేదో. ఇవ్వాలంటే ఇప్పుడే. ఇచ్చేస్తే తను మళ్ళీ మూడువందలమందిలో ఒకతె.

"డబ్బు పుచ్చుకోకూడదు" అంది.

"దీనికా? పుచ్చుకోను."

"ఎగతాళి చెయ్యకూడదు."

"చెయ్యను."

"లేకపోతే లేదని చెప్పాలి. ఎంత పెద్దవాళ్ళైనా, ఎంత బతిమాలినా."

"అది నేను రోజూ చేసే పనే కదా పిన్నీ."

అద్దానికి తెర లాగమంది. లాగాడు. దగ్గరికి రమ్మని, వంగమని, చెవిలో చెప్పింది. పట్టుమని పది మాటలు కూడా ఉండవు. ఆయన మర్యాదకి పెన్ను అందుకోబోతే చేతి మీద ఒక్కటి వేసింది, రాయకూడదని. గుర్తుంటుందో లేదో అన్నాడాయన. ఉంటుందంది.

ఏదో దిగిపోయినట్టుంటుందనుకుంది, ఒళ్ళు తేలికవడమో, కళ్ళు తిరగడమో. ఏమీ అవలేదు. అన్నిటికంటే అదే ఆవిడకి బాధనిపించింది. డాక్టరు తర్వాతి పేషెంటుని పిలుస్తూ, చుక్కలు మాత్రం మానొద్దు పిన్నీ అన్నాడు. ఇక మానాల్సిన పనేం లేదు.

నాలుగు రోజులకి సుల్తానా మురబ్బా పళ్ళెంతో మళ్ళీ వచ్చింది. ఈసారి సగం గర్వం, సగం బెదురు. వాసిలిస్ కళ్ళజోడుకని క్లినిక్కుకి వెళ్ళాడట. అక్షరాల బోర్డు చదువుతుంటే డాక్టరుకి ఆవలింత వచ్చిందట, ఒకటి కాదు, వరసగా. కళ్ళవెంట నీళ్ళు. ఎలర్జీ అని లోపలికెళ్ళి మొహం కడుక్కుని వచ్చి, మీ చూపు బాగానే ఉంది గానీ ఆ కారుని కొన్నాళ్ళు షెడ్డులో పెట్టండి అన్నాడట. ఆ తర్వాతి మనిషికి మాత్రం కళ్ళు పొడిగానే ఉన్నాయట, మీకేం లేదు పొమ్మన్నాడట. "వాడికి తలనొప్పి తగ్గిందే" అంది సుల్తానా. "ఏం చేశావే వాణ్ణి?" అసిమీనా మురబ్బా తిని, చక్కెర ఎక్కువైందని చెప్పింది.

ఫోన్లు కొన్నాళ్ళు వచ్చాయి. నా దగ్గర లేదు, డాక్టరు దగ్గరుంది అని చెప్పేది. మొదట నమ్మేవాళ్ళు కాదు, తర్వాత నమ్మారు, తర్వాత చెయ్యడం మానేశారు. జనం ఎంత తొందరగా అలవాటు పడతారో చూస్తే ఒళ్ళు మండుతుంది. పెద్ద వీధిలో అద్దాల గది ముందు ఇప్పుడు క్యూ ఉంటుంది, అందులో సగంమందికి కళ్ళు నిక్షేపంగా ఉన్నాయి. అసిమీనా కళ్ళు కూడా కుదుటపడ్డాయి. ఎరుపు పోయింది. పొద్దునా సాయంత్రం చుక్కలు వేసుకుంటుంది, ఒకటే చుక్క, చెంప మీదికి రాకుండా.

ఒక మధ్యాహ్నం భోజనాలయ్యాయి. పేటంతా తలుపులు వేసుకుని కునుకు తీసే వేళ. జిసిస్ వంటింట్లోకి వచ్చి ఆవిడ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తలకి తువ్వాలు కట్టి ఉంది.

"తలనొప్పిగా ఉంది" అన్నాడు. "ఒకసారి చూడు."

అసిమీనా అర్థంకానట్టు చూసింది. "ఏం చూడమంటావు?"

"అదే. అందరికీ చూసేదానివి కదా."

"నా దగ్గర లేదయ్యా ఇప్పుడు. ఇచ్చేశాను. డాక్టరు దగ్గరికి వెళ్ళు."

"డాక్టరు దగ్గర నాకేం పని? నువ్వు చూడు."

నలభయ్యేళ్ళు అడగనివాడు ఇప్పుడడిగాడు. కోపమొచ్చింది ఆవిడకి, చాలా కోపం. నీ నోటికి ఇంతకాలం ఏమొచ్చిందయ్యా అని అడగాలనుకుంది. అడగలేదు. కుర్చీ ముందుకి జరుపుకుని, తువ్వాలు విప్పి, ఆయన నుదుటి మీద చెయ్యి వేసింది. ఆ మాటలు ఇంకా గుర్తున్నాయి, అవెక్కడికి పోతాయి. లోలోపల చదివింది. జిసిస్ కళ్ళు మూసుకుని బడిపిల్లాడిలా కూర్చున్నాడు.

దవడ తెరుచుకుంది. ఆవలింత వచ్చింది, పెద్దదే, దాంతోపాటు కళ్ళలో కాస్త తడి.

జిసిస్ ఒక కన్ను తెరిచాడు. "ఉందా?"

ఆ మొహంలో ఆశ ఉంది, ఆ మనిషి మొహంలో అలాంటిది తనెప్పుడూ చూడలేదు. ఉందని అనెయ్యొచ్చు. ఒక్క మాట.

"లేదు" అంది. "నాకు నిద్రొస్తోంది, అంతే."

జిసిస్ సరేనన్నట్టు తలూపాడు, కానీ కుర్చీలోంచి లేవలేదు. ఆవిడ కూడా నుదుటి మీంచి చెయ్యి తియ్యలేదు.